చిలకతో సహపంక్తి

మా అమ్మాయి కాలేజీ హాస్టల్‌కి వెళ్తూ వస్తువులన్నీ కారులో ఎక్కించుకుని, ప్రాణాలు మాత్రం మా ఇంట్లో వదిలి వెళ్ళింది. ఆ ప్రాణాలు రెండు పచ్చ చిలకలు. హాస్టల్లో చిలకల్ని ఉండనివ్వరట. షికాగో శివారు నేపర్‌విల్‌లోని మా ఇంట్లో ఉండనిస్తారా అని నన్నెవరూ అడగలేదు.

అప్పట్లో నాకు పొద్దున చీకటితోనే షికాగో రైలు, సాయంత్రం చీకటి పడుతుండగా తిరుగు రైలు. మా ఆయనది కన్సల్టింగ్ ఉద్యోగం. సోమవారం విమానం ఎక్కితే మళ్ళీ గురువారం గానీ ఇల్లు చేరేవారు కాదు. స్టేషన్ పార్కింగ్‌లో కారు అద్దం మీది మంచు గీక్కుని ఇంటికొచ్చి, కోటైనా విప్పకముందే పంజరంలోంచి అరుపులు మొదలయ్యేవి. వాటి లెక్కలో నేను ఇంటావిడను కాను, ఆలస్యంగా వచ్చిన వంటమనిషిని.

ఆ చలికాలంలో రెండింట్లో పెద్ద చిలక ఒళ్ళంతా ఉబ్బించుకుని, కదలకుండా ఒకేచోట కూర్చోవడం మొదలుపెట్టింది. అమ్మాయి ఫోన్‌లో గోల చేస్తే పక్షుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మన వైపు చిలక చీటీ తీసి మనిషి జాతకం చెప్పిస్తుంది. ఇక్కడ మనిషే చిలకకి రక్తం తీసి దాని జాతకం చెప్పింది. లివర్ నిండా కొవ్వు. ఏళ్ళ తరబడి పొద్దుతిరుగుడు గింజలే తిన్న ఫలితం. గింజలు మాన్పించకపోతే ఎక్కువ కాలం బతకదు. అలాగని పస్తు పెట్టామా, అంత చిన్న ప్రాణి అదీ తట్టుకోలేదు. ఇంట్లోనే రొట్టె బేక్ చేసి మెల్లగా అలవాటు చేయమంది.

గింజలు మాన్పించడానికి నేను గింజుకోవడం అలా మొదలైంది.

మొక్కజొన్న పిండి, పెంకులతో సహా మిక్సీ పట్టిన గుడ్లు, కారట్ తురుము, ఇండియన్ స్టోర్‌లో కొన్న మునగాకు పొడి, ఉడికించిన చిలగడదుంప. చిలగడదుంప పేరులోనే సగం చిలక ఉంది కదా, ఇష్టపడకపోదని ఆశ. ఉప్పు, పంచదార, నూనె నిషిద్ధం. ఎండుమిరపకాయలు మాత్రం ఎన్నయినా వేయొచ్చు, పక్షులకి కారం తెలియదట. నాన్‌స్టిక్ బాగా వేడెక్కితే వచ్చే పొగ చిలకలకి విషమని విని, ఆ పెనాలన్నీ గరాజ్‌లోకి చేర్చి, పాత ఇనప పెనం బయటికి తీశాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో దోసెలకి పెనం మీద మమకారం పెరిగింది.

ఆదివారం గాజు గిన్నెలో బేక్ చేసి, ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టేదాన్ని. రైలు దిగి రాగానే ఒక ముక్క వేడి చేసి, చల్లార్చి, పంజరంలో పెట్టేదాన్ని. మా ఇంటి పెంపకం ఒకటుంది. ఇంకొకరికి పెట్టబోయేది మనం ముందు రుచి చూడకూడదు. తినేవాళ్ళ నోటికేసి చూడకూడదు, దిష్టి తగులుతుంది. అందుకని దేవుడికి నైవేద్యం పెట్టినట్టు గిన్నె పెట్టేసి, వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. అక్కడ సింకు దగ్గర నిలబడి, కలిపిన గిన్నెలోంచే పెరుగన్నం తినేసేదాన్ని. తిరిగొచ్చేసరికి నైవేద్యం నైవేద్యంలాగే ఉండేది. ముక్క ముక్కుకి ఆనేది కాదు. చిన్నది పెద్దదాని వైపు చూసేది, పెద్దది నా వైపు చూసేది. పస్తుకి భయపడి చివరికి ఆ గింజలే పోసేదాన్ని.

అమ్మాయి రోజూ ఫోన్ చేసేది.

"అమ్మా, పెద్దది తినిందా?"

"తినలేదే."

"బీ నైస్ టు హర్, అమ్మా. ముద్దుగా చెప్పు."

"నీకే ఎప్పుడూ ముద్దుగా చెప్పి పెట్టలేదు."

"ఐ నో. ఐ రిమెంబర్."

మా ఆయన కూడా హోటల్ గదిలోంచి సలహా ఇచ్చారు. "ఉప్పేశావా?"

"వేయకూడదండీ."

"అదే మరి. నేనైనా తినను."

రెండోసారి తీసుకెళ్ళినప్పుడు డాక్టరమ్మ చిలకని చూసి మొహం చిట్లించింది. రొట్టె ఎలా పెడుతున్నారని అడిగింది. చెప్పాను.

"మీరెక్కడ తింటారు?"

"వంటింట్లో."

"ఆ రొట్టె మీరు తిన్నారా?"

"నేనెందుకు తింటాను? అది వాటికి చేసింది."

గుంపులో ఒకటి తింటేనే మిగతావి తింటాయంది. గిన్నె పెట్టి నేను మొహం తిప్పుకుని వెళ్ళిపోతుంటే, అందులో ఏదో ప్రమాదముందని వాటికి అర్థమవుతుందట. మర్యాద అనుకుని నేను చేస్తున్నదంతా చిలక భాషలో 'తింటే చస్తావు' అని చెప్పడమే.

"వాటితో కూర్చుని తినండి. మీరే వాటి గుంపు."

"వారంలో సగం రోజులు ఇంట్లో నేనొక్కదాన్నే."

"చాలు," అంది.

డైనింగ్ టేబుల్ మీద పేరుకున్న ఉత్తరాలూ, మడత పెట్టని బట్టలూ తీసి పంజరం అక్కడ పెట్టాను. ఎదురుగా కంచంలో ఆ రొట్టె ముక్కే పెట్టుకుని కూర్చున్నాను. ఉప్పు లేదు, మిరపకాయలు మాత్రం ధారాళం. ఈ గుంపులో ఒకదానికి కారం తెలుస్తుందన్న సంగతి డాక్టరమ్మ మరిచిపోయినట్టుంది. కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ నమిలాను. తినేవాళ్ళ నోటికేసి చూడకూడదని పెరిగిన నా నోటికేసి పెద్దది రెప్పవేయకుండా చూసింది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. నిలబడి తినడంలో ఒక సౌకర్యం ఉందని అప్పుడే తెలిసింది. కూర్చుంటే ఎంత అలిసిపోయామో తెలిసిపోతుంది. ముక్క చేతిలో ఉండగానే కళ్ళు మూతపడేవి.

ఒక గురువారం సాయంత్రం పెద్దది కిందికి దిగింది. గిన్నెలో ముక్క అందుకుని, కాలితో పట్టుకుని, తిప్పి చూసింది. సరిగ్గా అప్పుడే గరాజ్ తలుపు లేచిన చప్పుడు. మామూలుగా గురువారం ఆయనొచ్చాక వడ్డించి, ఆ తర్వాతే నేను తింటాను. చిలకలకి పెందలాడే నిద్ర, ఆగవు. ఆయన సూట్‌కేస్ లాక్కుంటూ వచ్చారు.

"ఆకలి దంచేస్తోంది. ఏం చేశావ్?"

అలవాటుగా లేవబోయాను. చిలక ముక్క జారవిడిచి పైకెక్కేసింది. గబుక్కున మళ్ళీ కూర్చున్నాను.

"మీరే పెట్టుకోండి," అన్నాను గొంతు తగ్గించి.

"ఏం, ఒంట్లో బాలేదా?"

"నేను లేస్తే అది తినదు."

"మరి నేను తినాలంటే?"

"కుక్కర్లో అన్నముంది. పప్పు ఫ్రిజ్‌లో ఉంది."

ఆయన అల్మరా తలుపులన్నీ ఒక్కొక్కటిగా తెరిచారు. "గరిటెలెక్కడే?" అని రహస్యంలా అడిగారు. గడ్డంతో చూపించాను. కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. నేను ఇంకో ముక్క కొరికాను. పెద్దది దిగొచ్చింది. ఈసారి మింగింది. దాని పక్కకి చిన్నదీ జరిగింది.

"ఏదీ, నాకూ ఒకటివ్వు," అని ఆయన కొరికి, పొలమారి దగ్గారు. "ఓరి దేవుడో! దీనికన్నా గింజలే నయం."

"మెల్లగా. అది వింటుంది."

ఎండలొచ్చేసరికి పెద్దదాని లివర్ బాగుపడుతోందని డాక్టరమ్మ చెప్పింది. ముద్దుగా చెప్పమని తనే కదా చెప్పిందంటూ అమ్మాయి ఆ ఘనత తను కొట్టేసింది. అప్పటికి చిలకలు ఎదురుగా ఎవరూ లేకపోయినా రొట్టె తినేస్తున్నాయి. గురువారాల్లో నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆయన గరిటెలు వెతుక్కుంటూనే ఉన్నారు. లేస్తే అవి తినవు మరి.