పులివెందులకు, వదినను పిలవడానికి

అన్న పోయి పదకొండు నెలలు. దినాలు అయిన మరుసటి రోజే వదిన పులివెందులలోని పుట్టింటికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి అమ్మ ఆమెతో మాట్లాడలేదు. వచ్చే నెల సంవత్సరికానికి కూడా రాకపోతే వదిన ఇక ఎప్పటికీ రాదని నా భయం. తానే వెళ్లి పిలుస్తానంది అమ్మ. అమ్మ నోటిని తలచుకుంటే ఆ భయం ఇంకా పెరిగింది.

ఉదయం ఏడున్నరకు ప్రొద్దుటూరు బస్టాండులో ఎక్కాం. నేరుగా వెళ్లే బస్సు అప్పటికే పోయింది, జమ్మలమడుగులో మారాలి. ఆడవాళ్లకు టికెట్టు ఉచితమే గాని ఆధార్ చూపించాలి. అమ్మ సంచిలోంచి తీసిచ్చిన కార్డును కండక్టర్ తిప్పి చూశాడు.

"ఏందిమా, ఈయనకు యాడుంది ఫ్రీ? మీసాలుండాయే!"

బస్సంతా నవ్వింది. అది అన్న కార్డు. నేను గబుక్కున తీసుకుని అమ్మ కార్డు ఇచ్చాను. జమ్మలమడుగు వచ్చేదాకా అమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

అక్కడ ముప్పావుగంట ఆగాం. నేను ఉగ్గాని, బజ్జీ తిన్నాను. పులివెందుల బస్సులో పక్కన కూర్చున్న ముసలామె అడిగింది: "యాడికి పోతాండారు మా?"

"కోడల్ని పిల్చకరాను పోతాండాం," అంది అమ్మ.

"కొట్లాడి పోయిందా?"

"కొట్లాడింటే బాగుండు. చెప్పకుండా పాయ."

అమ్మ కోపం దానికని నాకు అప్పటిదాకా తెలియదు.

పదకొండుకు పులివెందులలో దిగి, ఆటోలో ఇల్లు చేరాం. జాకెట్లు కుడుతున్న వదిన లేచి నీళ్లిచ్చింది. చెంబు చేతిలో ఉండగానే అమ్మ అనేసింది: "పోయొస్తానని ఒక్క మాట చెప్పకపోతివే."

వదిన తల ఎత్తలేదు.

"చావింట్లో ఆ మాట అనగూడదని వచ్చినోళ్లందరికీ నువ్వే గదత్తా చెప్తాంటివి."

"అది వచ్చిపోయే చుట్టాలకే. నువ్వు ఇంటిమనిషివి కాదా?"

"నాకేం తెల్సు? ఉండమని ఎవురన్నా అంటిరా?"

అమ్మ మిషను మీది గుడ్డను మడతపెట్టసాగింది. చాలాసేపు మడిచింది. "అనకపోతిని," అంది చివరికి.

మాకు అన్నం పెట్టి, మూడు గంటల బస్సుకు వదిన బస్టాండు దాకా వచ్చింది. సంవత్సరికానికి రెండు రోజుల ముందే వస్తానంది. "ఉండేది మాత్రం ఇప్పుడే చెప్పలేనత్తా."

"ఉండకపోయినా రా," అంది అమ్మ.

తిరుగు బస్సులో ముద్దనూరు వచ్చేలోపు అమ్మ "వస్తాదంటావా?" అని మూడుసార్లు అడిగింది. వస్తుందిలే అన్నాను, నాకూ నమ్మకం లేదు. ఆ ఊరు దాటాక ఫోన్ నా చేతికిచ్చి, "మీ వదినకు కలుపు," అంది. కలిపి ఇచ్చాను.

"ఆఁ, నేనే. సీటు దొరికింది. మాకు పెట్టి నువ్వు తినకపోతివి. తింటివా?"

ఆరున్నరకు ప్రొద్దుటూరులో దిగాం. దిగులు తీరలేదు, కాకపోతే పొద్దున ఎవరి దిగులు వాళ్ల దగ్గరే ఉండేది, ఇప్పుడది ఇద్దరిదీ.