లెక్కలో వేయని అరగంట

నా చిన్నప్పుడు మా ఊరికి రోడ్డు లేదు. చింతపల్లి నుంచి వచ్చే జీపు కొండ కింది ఊళ్ళోనే ఆగిపోయేది. అక్కడి నుంచి మాకు కాలిబాటే. తొంభైల నడుమ ఒక వేసవిలో ఆ కింది ఊరి నుంచి మా ఊరి దాకా రోడ్డు కోయడానికి ఒక బుల్డోజరు వచ్చింది. అప్పటికి నాకు పదేళ్ళు దాటి ఉంటాయి. బడి ఉండేది గానీ పంతులుగారు నెలకు మూడు నాలుగు రోజులకు మించి కొండెక్కేవారు కాదు. అందుకని లెక్కలు నా అంతట నేనే, చింతగింజలు పేర్చుకుంటూ, అంగలు లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్నాను. లెక్క వచ్చినవాడికి అన్నీ తెలిసినట్టే అని ఆ వయసులో నాకు గట్టి నమ్మకం.

ఆ వేసవిలో మా అమ్మ కడుపుతో ఉంది. అంతకు ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు, అమ్మ కూడా చావు తప్పి బయటపడింది. ఈసారి ఇంట్లో పురుడు పెట్టుకోవద్దని, నొప్పులు మొదలవగానే ఆసుపత్రికి తెచ్చేయమని నర్సమ్మ మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఇంకా ఆరు సంతలు పడుతుందని కూడా చెప్పింది. మావైపు రోజులను సంతలతో కొలుస్తారు. వారానికో సంత కాబట్టి ఆరు సంతలంటే నలభై రెండు రోజులు.

ఆ రోజే నేను మా గడప దగ్గర మొదలుపెట్టి, రోడ్డు కోసమని సున్నంతో గుర్తులు పెట్టిన దారి వెంట, బుల్డోజరు బ్లేడు దాకా నడిచాను. రెండు వేల నాలుగు వందల అంగలు వచ్చాయి. బండి రోజుకు అరవై అంగల మేర కోస్తోంది. నలభై రోజులు. అంటే రెండు రోజులు మిగులు. ఇంటికి పరుగెత్తుకొచ్చి చెబితే అమ్మ నవ్వింది. "నీ రోడ్డు ముందొత్తాదో, నీ తమ్ముడు ముందొత్తాడో సూద్దాం లేరా" అంది. చెల్లెలు పుడుతుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

బుల్డోజరు నడిపే ఆయన విజయనగరం పక్క పల్లెటూరి మనిషి. తల నెరిసినందుకు మేమంతా ఆయన్ని తాత అనేవాళ్ళం. బండి ఉన్నచోటే చిన్న గుడారం వేసుకుని ఉండేవాడు. పొద్దున్నే బండి ఎక్కేవాడు కాదు. మొదట దాని కింది నేల చూసేవాడు, నూనె బొట్టు గానీ నీటి చుక్క గానీ పడిందేమోనని. తరువాత నూనె కొలిచే ఇనప పుల్ల బయటకు లాగి ఇంజను నూనె గీత దాకా ఉందో లేదో చూసేవాడు. డీజిలు ట్యాంకు కింద మర తిప్పి, రాత్రి పేరుకున్న నీళ్ళు వదిలేసేవాడు. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కేవాడు. గాలి వడపోత డబ్బా విప్పి, అరచేత్తో తట్టి దుమ్ము దులిపేవాడు. రేడియేటరు రేకుల సందుల్లో ఇరుక్కున్న ఆకూ బూడిదా ఒక వెదురు పుల్లతో తీసి, నీళ్ళు నింపేవాడు. చివరికి గొలుసు పట్టాల మీద కర్ర ఆనించి, ఎంత కుంగిందో చూసి, గ్రీజు కొట్టేవాడు. ఇదంతా కచ్చితంగా అరగంట.

బూడిద అన్నాను కదా. అది మావాళ్ళు చేసిన పనే. బండికి అడ్డం లేకుండా మా ఊరి మగవాళ్ళు ముందు నడుస్తూ పొదలు నరికేవారు. పోడు కొట్టే చేతులకు, నరికినదాన్ని తగలబెట్టడం తప్ప ఇంకో పద్ధతి తెలియదు. బూడిద నేలకు బలం అన్నది మాకు తాతల నాటి మాట. కాల్చొద్దు, పక్కకి లాగేయండి అని తాత రెండు మూడుసార్లు చెప్పి చూశాడు. ఎవరూ వినకపోతే, సరేలే, పొద్దున్న నేనే దులుపుకుంటాను అని ఊరుకున్నాడు.

తొమ్మిది రోజులు నా లెక్క తప్పలేదు. పదో రోజు పెద్ద రాయి అడ్డు తగిలింది. దాన్ని పక్కకు దొర్లించడానికి మూడు రోజులు పట్టింది. పన్నెండో రోజు సాయంత్రం చూస్తే పద్దెనిమిది వందల అరవై అంగలు మిగిలాయి. కోయడానికి ముప్పై ఒక్క రోజులు కావాలి. ఉన్నవి ముప్పై. ఒక రోజు తక్కువ.

ఆ ఒక్క రోజు ఎక్కడ దొరుకుతుందా అని వెతికాను. దొరికింది. పొద్దున్న అరగంట. ఆ అరగంట కూడా కోస్తే రోజుకు దాదాపు నాలుగు అంగలు ఎక్కువ. అలా చివరిదాకా పోతే ఇంచుమించు రెండు రోజులు కలిసివస్తాయి. మా నాన్నకు చెప్పాను. నాన్న నన్ను వెంటబెట్టుకుని మర్నాడు పొద్దున్నే తాత దగ్గరికి వెళ్ళాడు.

నాన్న ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ రోజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బాబూ, గుంటడు లెక్క కట్టినాడు. ఒక్క రోజు తక్కువొత్తంది. ఈ తుడుసుకోడాలు మానేత్తే అందుకుంటాం. మా ఆడదాని సంగతి నీకు తెలుసు గదా."

తాత నూనె పుల్ల తుడుస్తూ, "ఈ అరగంట దానిది తమ్ముడా, నాది కాదు" అన్నాడు. తరువాత నావైపు తిరిగాడు. "ఒరే లెక్కల గుంటడా, బండి పాడై ఆగిపోయే రోజులు ఎన్నేసేవురా నీ లెక్కలో?"

"ఆగదు గదా తాతా. బానే ఉంది" అన్నాను.

"నువ్వు ఏయకపోతే అది సున్నా అయిపోద్దేటి?"

నాన్న కదలకుండా అలాగే నిలబడ్డాడు. తాత నాన్న ముఖం చూశాడు. తరువాత పుల్ల లోపలికి తోసి, రేడియేటరులో నీళ్ళు మాత్రం పోసి, బండెక్కాడు. తెలిసి తెలిసి ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. లెక్క గెలిచిందనుకున్నాను.

రోజుకు అరవై నాలుగు అంగలు పడసాగాయి. మావాళ్ళు ఉత్సాహంగా ముందు ముందు నరికి కాల్చుతూనే ఉన్నారు. పిండిలాంటి బూడిద బండి చుట్టూ లేచేది. కొన్ని రోజులకు పొగ గొట్టంలోంచి నల్లటి పొగ రావడం మొదలైంది. ఇంజనుకు గాలి చాలకపోతే అలా వస్తుందని తాత ఒకప్పుడు చెప్పిందే. నేను చూశాను. చూసి, ఎవరికీ చెప్పలేదు. చెబితే బండి ఆపి దులుపుతారు. నా అంగలు తగ్గిపోతాయి.

అరగంట పని మానేసిన పద్దెనిమిదో రోజు సాయంత్రం తాత లోయ అంచు మీద కన్ను పెట్టి కోస్తున్నాడు. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. గాజు మీద బూడిద ఉండడంతో ఆయన గమనించేసరికి ఆలస్యమైంది. ముందు తెల్లని ఆవిరి, ఆ వెనక లోహం విరిగినట్టు ఒక చప్పుడు, తరువాత ఏమీ లేదు. ఇన్ని రోజులుగా చెవుల్లో ఉన్న మోత పోయేసరికి, కొండ మూగదైపోయినట్టనిపించింది. ఇంజను పైమూత, హెడ్డు అంటారు, అది పగిలింది. మా గడప దాకా అంగలు కొలిచాను. ఏడు వందల పదమూడు.

నర్సీపట్నం నుంచి మెకానిక్కు వచ్చి చూసి, సామాను విశాఖపట్నం నుంచి రావాలని చెప్పి వెళ్ళాడు. రోజులు గడిచాయి. సామాను రాలేదు. ఊరు ఊరంతా బండి చుట్టూ మూగి, ఎలా పాడైందని అడిగితే, "పాత బండి. ఎప్పుడైనా పోవలసిందే" అన్నాడు తాత. నాన్న వింటున్నాడని, నేను వింటున్నానని తెలిసే అన్నాడు.

బండి ఆగిన మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి ఆయన ఆ కదలని బండికి అరగంట పని చేస్తున్నాడు. కింది నేల చూశాడు. డీజిలు ట్యాంకు మర తిప్పాడు. రేడియేటరు ముందు కూర్చుని వెదురు పుల్లతో ఒక్కొక్క సందే గీకాడు. గడ్డకట్టిన బూడిద పెచ్చులు పెచ్చులుగా రాలింది. రేకుల్లో సగానికి పైగా మూసుకుపోయి ఉన్నాయి. గాలి పోయే దారే లేదు. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు. ఆ లెక్క కట్టింది నేనే తాతా, నల్లపొగ కూడా చూశాను అని చెప్పేశాను.

ఆయన గీకడం ఆపలేదు. "లెక్క నీదే. సెయ్యి నాది గదరా" అన్నాడు. ఇంకో సందు గీకి, "మీ అమ్మకి సెప్పకు. ఏటీ సెప్పకు" అన్నాడు.

బండి ఆగిన పదకొండో రోజు అమ్మకు నొప్పులు వచ్చాయి. తెల్లవారుజాము నుంచి వాన. కింది ఊరి జీపు బురదలో తంటాలు పడి, కోసిన మట్టిదారి మీదుగా బండి దాకా రాగలిగింది. అంతకు మించి రాలేదు. దుప్పటిని కర్రకు కట్టి, డోలీలో అమ్మను దింపారు. రాళ్ళ మీద కాళ్ళు జారుతుంటే నలుగురు మగవాళ్ళు అంగుళం అంగుళం దిగారు. జీపు కనిపిస్తూనే ఉంది. తాత పైకి ఎదురొచ్చి కర్రకు భుజం కలిపాడు. దారిలోనే దించారు. వెంట వచ్చిన మంత్రసాని బిడ్డను తీసింది. ఆడపిల్ల ఏడ్చింది. అమ్మకు నెత్తురు ఆగలేదు.

తరువాత ఎప్పుడో, ఒక్కడినే వెళ్ళి, అమ్మను దించిన చోటు నుంచి జీపు నిలిచిన చోటికి కొలిచాను. రెండు వందల తొంభై అంగలు.

ఇప్పుడు ఊళ్ళో ఎవరు గోడ కట్టినా, కాఫీ మొక్కలు వేసినా లెక్కకు నా దగ్గరికే వస్తారు. ఎన్ని రోజుల్లో అయిపోతుందని అడిగితే, ఏయే కారణాలతో పని ఆగవచ్చో ముందు చెప్పమంటాను. నేను మరీ చాదస్తుడినని అంటారు. అనుకోనిస్తాను. లెక్కలో వేయనిది సున్నా కాదని నాకు తెలుసు.

మా చెల్లెలు పాడేరులో ఉంటుంది. ఇద్దరు పిల్లల తల్లి. వచ్చినప్పుడల్లా ఏదో ఒక మాట మధ్యలో అడుగుతుంది, అమ్మ ఎక్కడ పోయిందన్నయ్యా, జీపుకి ఎంత దూరం ఉండిపోయింది అని. అంకె తప్పు చెప్పడం నా వల్ల కాదు. అందుకని అంకే చెప్పను. ఇంట్లోనే పోయిందమ్మా, డోలీ ఎత్తకముందే, రోడ్డు ఉన్నా దక్కేది కాదు అంటాను. ఆమె తలూపి, పిల్లల వెంట వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అడుగుతుంది.