ముగ్గురికీ వస్తనన్న బీరమ్మ

హాలియా కాల్వ కింద నాట్లు మొదలైనయంటె మా వాడకట్టుల బీరమ్మ ఫోను ఊకోదు. ఆమె నాట్లేసే ఆడోళ్ల గుంపుకు పెద్ద. ఏ రైతు మడి దున్ని తయారున్నది, ఎవరికి నీళ్లెప్పుడొస్తయి, ఏ ఆటోల ఎవరెక్కాలె, అంత ఆమె తలకాయల్నే ఉండేది. నేనన్న ఐదో తరగతిదాంక పోయిన. ఆమె బడి మొకమే చూడలె. అయినా ఆమె ఒక్క మాట మీద ఆడోళ్లంత పొద్దు పొడవకముందె రోడ్డెక్కేది.

పోయిన యాసంగి నాట్లకు ముందు ఆమెకు జరంత పక్షవాతం తాకింది. మూతి వంకరపోయింది, మందులకు సక్కగైంది. కాళ్లు చేతులు మంచిగనే ఆడినయి. గండం గడిచిందనుకున్నం.

నాట్లొచ్చినంక తెలిసింది అసలు సంగతి. రైతు రఘుపతి నాట్లకు పిలిస్తె "వస్తం" అన్నది. ఎల్లస్వామి పిలిస్తె "వస్తం" అన్నది. తిరుమలగిరి దిక్కు కమలాకర్‌కు గూడ అదే మాట, అదే పొద్దుకు. ఆటోకు మాత్రం చెప్పలె. ఆడోళ్లు సద్దులు పట్టుకొని రోడ్డు మీద నిలబడి నిలబడి ఇండ్లకు మళ్లిండ్రు. పీకిపెట్టిన నారు వాడిపోయిందని రఘుపతి వాకిట్లకొచ్చి లొల్లి పెట్టిండు.

"ఏందమ్మా, పెద్దదానివైనవని పొగరా? మోసం జేస్తున్నవా?"

"నేనా? నేను వస్తనన్న గద!" అనుకుంట బీరమ్మ ఇంట్లకు, వాకిట్లకు ఒకటే తిరుగుడు.

వేరే పెద్దను చూసుకుంటమని గుంపోళ్లన్నరు. నాకు మనసు నిలువలె. "మీ అత్త మతిమరుపుదయిందా పిల్లా?" అని ఆమె కోడలు సుహాసినిని అడిగిన.

"మర్చిపోతలేదు పెద్దమ్మా. ముగ్గురి పేర్లు గడగడ చెప్తది."

గదే నాకు సమజ్ కాలె. నల్లగొండ దవాఖానకు ముగ్గురం పోయినం. డాక్టరు సూసి, తలకాయ పనితనం పరీక్ష చేసే మేడం దగ్గరికి పంపిండు.

"నిమిషంల ఎన్ని కూరగాయల పేర్లు చెప్తవో చెప్పమ్మా."

"వంకాయ, బెండకాయ…" బీరమ్మ ఆగింది. "వంకాయ."

"దోసకాయ చెప్పవే!" అన్న నేను.

"పరీక్ష నీకు కాదు పెద్దమ్మా. ఇంకోసారి నోరు తెరిస్తె బయట కూసోబెడ్త."

తర్వాత బొమ్మల అట్టముక్కలిచ్చి, దేంతోని ఏది కలుస్తదో పెట్టుమన్నది. ఎట్లనో చెప్పదు, పెట్టినంక ఒప్పు, తప్పు అంటదంతె. బీరమ్మ రంగుకు రంగు పెట్టింది. ఒప్పు. కొంతసేపటికి మేడం చెప్పకుంటనే లెక్క మార్చింది. ఇగ రంగు కాదు, బొమ్మ కలవాలె. బీరమ్మ రంగే పెట్టింది. "తప్పు." మళ్ల రంగే. "తప్పు." మళ్ల రంగే. నోరు మూసుకొని కూసున్ననే గని నా కాలు ఆగుతలేదు.

"ఎర్రదానికి ఎర్రది పెడితె తప్పెట్లయితదమ్మా?" అని బీరమ్మ గుర్రుమన్నది.

మేడం ముక్కలు పక్కకు జరిపింది. "సరే. రేపు పొద్దున ముగ్గురు రైతులు పిలిచిండ్రు. గుంపు ఒక్కటే. ఏం జేస్తవ్?"

"పోతం."

"ఎవరికి?"

"ముగ్గురికి."

"ఎట్ల?"

"పిలిచిండ్రు గద మేడం. పోతం."

సుహాసిని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"మోసం కాదు, పిచ్చి గూడ కాదు," అన్నది మేడం ఆమెతోని. "మెదడు ముందటి భాగం దెబ్బతిన్నది. ఏది ముందు, ఏది వెనుక, ఏడ మార్చుకోవాలె అనేది ఆమెకు అందుతలేదు. ఒక్కొక్క పని చెప్పుండ్రి, చేస్తది."

గా ముచ్చట నేను ఇల్లిల్లు తిరిగి చెప్పిన. "ముందుగాల ఎరికుంటె గన్ని మాటలంటుంటిమా?" అన్నది గుంపుల గోపమ్మ. గుంపు చెదరలె. ఫోను సుహాసిని చేతికొచ్చింది.

ఇప్పుడు బీరమ్మ అందరితోని మడిల దిగుతది. ఆమె చెయ్యి మునుపటి లెక్కనే ఉరుకుతది. ఒడ్డు దాంక నాటి, ఆడ లేచి నిలబడ్తది. ఎవరన్న పిలిస్తెనే పక్క మడిలకు దిగుతది. నిన్న పిలిచినా దిగలె.

"నేను చెప్తె మీరు దిగాలె. మీరు చెప్తె నేను దిగుడేంది?" అని ఒడ్డు మీద అటు ఇటు తిరిగింది.

గోపమ్మ నడుమెత్తి, "అయితె నువ్వే చెప్పు పెద్దా, యాడ దిగాలె?" అన్నది.

బీరమ్మ ఖాళీ మడి చూసింది, నాటిన మడి చూసింది. ఆఖరికి నాటిన మడి దిక్కే చెయ్యి చూపెట్టింది.

ఎవ్వరు నవ్వలె. సుహాసిని వచ్చి ఆమె చేతిల నారు కట్ట పెట్టి, రెక్క పట్టుకొని ఖాళీ మడిలకు దింపింది.