జైత్ మాఫీ

బండి వెనక నుంచి వచ్చే ఆ ఊళ వినగానే నాకు కోపం వచ్చింది. నెల రోజుల సెలవు ముగించుకుని జగిత్యాల నుంచి వచ్చి ఇంకా ఒక పూట కాలేదు, అల్ వుకైర్ యార్డు గేటులోంచి మా కంపెనీ పాత పికప్పు ఏడ్చుకుంటూ లోపలికొచ్చింది. పదిహేనేళ్ళ బండి అది. మెకానిక్కుగా దాన్ని ఇన్నాళ్ళు బతికించుకొచ్చింది నేను. అట్లా ఏడిపించినవాడెవడో తెలిస్తే నాలుగు దులిపేద్దామనుకున్నాను.

దిగింది కాకా. నాకు చుట్టమేమీ కాదు, మా జిల్లావాడు, యాభై దాటిన మనిషి కాబట్టి కాకా అంటాను. ఊళ్ళో ముప్పై ఏళ్ళు లారీ తోలి, నాలుగు నెలల కిందటే డ్రైవరుగా ఖతర్ వచ్చాడు. రోజూ ఈ బండిలో లుసైల్ సైటుకు మంచినీళ్ళ క్యాన్లు చేరవేస్తాడు. అప్పటికే యార్డు ఇంచార్జి ఆయనకు చెప్పేశాడట: ఎక్కువ బరువేసి బండి పాడు చేశావు, వీసా క్యాన్సిల్ చేసి వారంలో ఇంటికి పంపిస్తున్నాను అని. ఆ వయసు డ్రైవరును ఒకసారి పంపించేస్తే మళ్ళీ ఏ కంపెనీ పిలవదు. ఆ సంగతి ఇంచార్జికీ తెలుసు.

"నేను బరువెయ్యలే బిడ్డా," అన్నాడు కాకా. "నువ్వన్న చూడు."

చూశాను. కాకాను పక్కన కూర్చోబెట్టుకుని అల్ వక్రా రోడ్డు మీదికి నేనే తోలాను. ఎక్సలేటర్ తొక్కితే ఊళ, కాలు తీస్తే గరగర. గేరు మార్చినా శబ్దం మారలేదు, బండి వేగాన్ని బట్టే పెరిగింది, తగ్గింది. అంటే ఇంజనూ కాదు, గేర్‌బాక్సూ కాదు. టైర్లేమోనని తారు రోడ్డు దింపి మట్టిలో నడిపాను. మట్టిలోనూ అదే ఏడుపు. ఇక మిగిలింది వెనక హౌసింగే. వెనక చక్రాల నడుమ ఉండే ఆ ఇనుప గుండులోనే పళ్ళచక్రాలుంటాయి, ఇంజను తిప్పుడును రెండు చక్రాలకూ పంచేది అవే.

యార్డుకొచ్చి జాకీ ఎత్తి కింద దూరాను. ముందు నుంచి వచ్చే షాఫ్టును పట్టి ఊపితే హౌసింగు దగ్గర కదిలింది. కదలకూడదు. అక్కడ ఆయిలు కారకుండా ఆపే సీలు చిరిగి, కారిన ఆయిలు మీద ఇసుక పట్టి పెచ్చు కట్టింది. ఒక్క రోజులో కట్టే పెచ్చు కాదది. కింది బోల్టు విప్పితే రెండు లీటర్లకు పైగా కారాలి. చెంచాడు నల్లటి బురద రాలింది. మాడిన వాసన, దాంట్లో మెరిసే ఇనుప రజను.

సర్వీసప్పుడు ఎవరూ చూడలేదా అని కాకాను నిలదీశాను. ఆయన చెప్పింది విని అరికాలి మంట నెత్తికెక్కింది. నేను సెలవులో ఉండగా వేరే యార్డు నుంచి ఒక అరబ్బీ మెకానిక్కును పంపారు. అతను బండి కింద నుంచి లేచి, హౌసింగు వైపు చూపిస్తూ "జైత్ మాఫీ" అన్నాడట. జైత్ అంటే ఆయిలని కాకా అప్పటికి నేర్చుకున్నాడు. ఇక మాఫీ అంటారా, అది ఆయనకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన మాట. అప్పు మాఫీ, కరెంటు బిల్లు మాఫీ. ఈసారికి ఆయిలు మాఫీ చేశారు, పొయ్యక్కర్లేదు అనుకుని, సలాం కొట్టి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. ఇక్కడ మాఫీ అంటే లేదు అని. ఇందులో ఆయిలే లేదు అని అతను చెప్పింది.

"మాఫీ అంటె మాఫీ గాదా?" అన్నాడు కాకా.

తిట్టాను. పెద్దమనిషి అని కూడా చూడలేదు. తలకాయ వంచుకుని నిలబడ్డాడు. అప్పుడు నా కోపం ఆ మెకానిక్కు మీదికి పోయింది. ఇంకో మాట చెప్పొచ్చు, చేత్తో సైగ చేయొచ్చు, తాళం గుంజుకోవచ్చు. ఆయిలు లేదని తెలిసీ బండిని ఎట్లా పోనిచ్చాడు?

చిరిగిన సీలు ఊడదీసి చేత పట్టుకుని ఇంచార్జి గదిలోకి దూసుకుపోయాను. బరువు వల్ల కాదు, సీలు పోయి ఆయిలు కారింది, మీరు పంపినవాడు చూసి కూడా వదిలేశాడు అని గట్టిగా అరిచాను. ఆయన సర్వీసు షీటు తీసి నా ముందు పెట్టాడు. హౌసింగు ఆయిలు గడిలో టిక్కు ఉంది. అన్ని గడుల్లోనూ ఉంది. కింద సంతకం నాది.

దొంగకు తేలు కుట్టినట్టయింది. సెలవుకు పోయే ముందు నేనే కొన్ని షీట్లకు టిక్కులు పెట్టి, సంతకాలు చేసి ఇచ్చి పోయాను. నా బదులు వచ్చినవాడు తేదీ వేసుకుంటే కాగితాల పని ఆగదని. ప్రతి సెలవుకూ అట్లాగే చేసేవాణ్ణి. ఇంచార్జి తేదీ చూడనే లేదు. ఆయిలు బాగుందని నువ్వే రాశావు, మరి తప్పు డ్రైవరుది కాక ఎవరిది, అన్నాడు. నేను నోరు మూసుకుని బయటికొచ్చాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

రెండు రోజులు బండి మీద పడ్డాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ప్రతి బోల్టునూ సుత్తితో బాదాను. లోపలి చక్రాల పళ్ళు పెచ్చులూడిపోయాయి, పనికిరావు. పాత బళ్ళు విప్పి అమ్మేచోట అదే రకం పళ్ళచక్రాల జత వెతికి తెచ్చి, కొత్త బేరింగులు, కొత్త సీలు వేశాను. పళ్ళకు రంగు పూసి తిప్పితే ఆ మచ్చ పంటి నడుమ పడాలి. మూడుసార్లు అంచుకే పడింది. విప్పి, పలచటి రేకులు మార్చి, మళ్ళీ బిగించాను. కాకా పక్కనే ఉండి పానాలందించాడు. ఇంటికి పంపే టికెట్టు సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. బండి బాగైతే తనను ఉంచుతారని ఆయన ఆశ.

పై రంధ్రంలోంచి పొంగేదాకా ఆయిలు పోసి, అల్ వక్రా రోడ్డు మీదికి తీశాం. చప్పుడు లేదు. కాకా అద్దం దించి, తల బయటపెట్టి వింటూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూశాక ఇక నావల్ల కాలేదు.

తిరిగొచ్చి ఇంచార్జికి చెప్పేశాను. ఆ టిక్కులు బండి చూడకుండా పెట్టినవి, ఆ తేదీన నేను సెలవులో జగిత్యాలలో ఉన్నాను, పంపితే నన్ను పంపండి అన్నాను. ఆయన ఇంకోసారి అట్లా చేయకు అన్నాడు. అంతే. ఫోను తీసి డ్రైవరు టికెట్టు ఆపమన్నాడు. కుర్చీ చూపించి చాయ్ తెప్పించాడు. పాత బండిని బతికించే మెకానిక్కు దొరకడం కష్టం, ముసలి డ్రైవరైతే గేటు బయట దొరుకుతాడు. ఒక మాట తెలియక తప్పుగా అర్థం చేసుకున్న కాకాకు విమానం చూపించారు. తెలిసి తెలిసి అబద్ధానికి సంతకం పెట్టిన నాకు చాయ్ పోశారు. ఒళ్ళు మండిపోయింది. అయినా తాగాను.

బయట కాకా ఎండలో నిలబడి ఉన్నాడు. పోవుడు లేదు, డ్యూటీకి పొమ్మన్నాను. నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు లేకుంటె నా బతుకు ఏమైతుండె బిడ్డా," అన్నాడు.

ఆ టిక్కులు నావేనని ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.