రెండూ ఎడమ చేతులే

ఆవిడ అసలు పేరుతో ఆ వీధిలో ఎవరికీ పని పడలేదు. అందరికీ కాజాలమ్మే. మొగుడు టైలరు. కత్తెరా మిషనూ ఆయనవి. కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం, అంచులు మడవడం ఈవిడ వంతు. ఆయనకి వీధి పెట్టిన పేరు ముమ్మారు మాస్టారు. ఏ గుడ్డనైనా మూడుసార్లు కొలిస్తే గాని కత్తెర ముట్టడు మరి. “పెళ్ళికి ముందు నన్నూ మూడుసార్లు చూశాకే సరేనన్నాడు, ఎక్కడ పొట్టవుతానో అని!” అంటూ షాపుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేది కాజాలమ్మ.

ఇప్పుడా నవ్వు లేదు. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము పక్కన, చంకకు దగ్గరగా, వేలికి గట్టిగా ఏదో తగిలింది. ఆస్పత్రికి వెళితే డాక్టరమ్మ నొక్కి చూసి, సూదితో కాస్త ముక్క తీసి పరీక్షకు పంపింది. “క్యాన్సరా అమ్మా?” అని అడిగేసింది కాజాలమ్మ, మొహమాటం లేకుండా. “ఇప్పుడే చెప్పలేం. ఫలితం రాగానే ఫోన్ చేస్తారు,” అంది డాక్టరమ్మ. అప్పట్నించీ ఫోను ఆవిడ ఒళ్ళో దారపు ఉండల మధ్యే ఉంటోంది. అది మోగితే గుండె గుభేలుమంటుంది. తీస్తే, ప్యాంటు అయిందా అని ఎవడో అడుగుతాడు. వాణ్ణి చంపెయ్యాలనిపిస్తుంది. మోగకపోతే ఇంకా నరకం.

ఇది చాలదన్నట్టు జనం ఒకటి. ‘ఏం కాదు’ అనే మాట ఎవడు కనిపెట్టాడో గాని, వాడికి ఎప్పుడూ ఏమీ అయ్యుండదు. ఆడపడుచు నోట్లో నువ్వుగింజ నానదు కదా, సంగతి వీధంతా పాకింది. గుండీలు అమ్మే ఆయన “ఏం కాదమ్మా” అన్నాడు. ఎదురింటావిడ “ఏం కాదు” అంది. ఆడపడుచైతే “ఏం కాదు వదినా, అసలు భయపడకు,” అని కుర్చీ లాక్కుని కూర్చుని, ఇలాగే గడ్డ వచ్చి చచ్చిపోయిన తన స్నేహితురాలి కథ మొదలు నుంచి చివరి దాకా చెప్పింది. ఓదార్చడానికొచ్చిందో, ఒక చూపు చూసి పోదామని వచ్చిందో!

వాళ్ళందరినీ భరించింది గాని, మొగుణ్ణి మాత్రం భరించలేకపోయింది. ఆస్పత్రికి కూడా రాలేదాయన. “సూదేగా, నువ్వెళ్ళి రా. లాయరు గారి కోటు ఉంది,” అన్నాడు. తిరిగొచ్చాక గడ్డ ఎక్కడని అడగలేదు, నొప్పిగా ఉందా అనీ అడగలేదు. “ఏం కాదే,” అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ‘రాయీ రప్పా నయం. నేను పోయినా కాజాలు కుట్టేవాళ్ళు దొరుకుతారా అని ఆలోచిస్తాడు కాబోలు,’ అనుకుంది. అన్నం సహించడం లేదు. ఆయన మాత్రం ఎప్పటిలాగే తింటున్నాడని ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు పొద్దున లాయరు గారి కోటు ముక్కలు ఆవిడ ముందు పెట్టాడు, మిషను మీద కుట్టేముందు దూరం దూరంగా కచ్చా కుట్టు వెయ్యమని. గుడ్డ కాస్త తక్కువైందట. అందుకని గుడ్డ మడతపెట్టి కోటు చేతులు రెండూ ఒకేసారి కత్తిరించకుండా, ఒక్కొక్కటే విడిగా కత్తిరించాడు. అలాంటప్పుడు ఒక చెయ్యి అయ్యాక, రెండోదానికి కొలత అట్ట తిరగెయ్యాలి. ఆ మాత్రం నిన్న మొన్న పనిలో చేరినవాడికీ తెలుసు.

కాజాలమ్మ ఆ చేతుల్ని, గుడ్డ మంచి వైపు పైకి పెట్టి, పక్కపక్కనే పరిచింది. రెండూ ఒకే వైపు వంగి ఉన్నాయి. తిప్పి చూసింది, మళ్ళీ తిప్పింది. సందేహం లేదు, రెండూ ఎడమ చేతులే. మిగిలిన గుడ్డలో జేబు కూడా రాదు.

“ఏమయ్యా, ఇటు చూడు.”

మాస్టారు చూశాడు. మొహం పాలిపోయింది. “కొలిచానే. చాలాసార్లు కొలిచాను,” అన్నాడు. టేపు ఇంకా మెడలోనే ఉంది, దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

కోటు పాడైనందుకు ఏడవాల్సింది పోయి, కాజాలమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి కూడా తనలాగే లోపల కుతకుతలాడిపోతున్నాడన్నమాట! చెప్పుకుంటే ఏం పోయేది, దొంగ మొహం!

“నాకు భయంగా ఉందయ్యా,” అంది.

“అనకే. నువ్వట్లా అంటే నేనేమైపోవాలి? నాకు అన్నం కూడా గొంతు దిగట్లేదు. నేను మానేస్తే నువ్వూ మానేస్తావని మింగుతున్నాను.”

అంతలో ఒళ్ళో ఫోను మోగింది. ఈసారి ఆస్పత్రిదే.

“మీ రిపోర్టు వచ్చిందమ్మా. డాక్టరు గారు రేపు పొద్దున రమ్మన్నారు,” అంది అవతలి అమ్మాయి.

“మంచిదేనా? అదొక్కటీ చెప్పు తల్లీ.”

“అది డాక్టరు గారే చెప్పాలమ్మా. వచ్చేటప్పుడు తోడు ఎవరినైనా తీసుకురండి.”

ఫోను పెట్టేసింది. మాస్టారు ఆవిడ మొహమే చూస్తున్నాడు.

“తోడు తెచ్చుకోమన్నారు,” అంది కాజాలమ్మ.

తోడెందుకో ఇద్దరికీ తెలుసు. తెలియకపోతే బావుండునని ఇద్దరికీ ఉంది. మాస్టారు లేచి షట్టరు సగానికి దించాడు. ఆవిడ ముందు నేలమీద చతికిలబడ్డాడు.

“ఎక్కడే?” అన్నాడు.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని చంక దగ్గరకు తీసుకెళ్ళి, వేళ్ళు ఆనించింది. ఆయన కళ్ళు మూసుకుని మెల్లగా తడిమాడు.

“ఇంత చిన్నదా?” అన్నాడు. అని, ఆ చెయ్యి తియ్యకుండానే భోరుమన్నాడు.