పలిమెల ఒడ్డున ఉతికించిన బట్టలు

పోయిన నెల గోదావరి పడవ ప్రయాణాల గురించి రాసినప్పుడు చదివినవాళ్లలో ముగ్గురు ఒకటే అడిగారు. నాలుగైదు రోజులు నీళ్ల మీదే ఉంటే మాసిన బట్టల సంగతేమిటని. చిన్న ప్రశ్నే. జవాబు కూడా నాకు తెలుసు. అది ఎలా తెలిసిందో చెప్పకుండా రెండు ముక్కల్లో రాసి ఊరుకుందామనుకున్నాను గాని మనసొప్పలేదు. డెబ్బైల నడుమ నేను చేసిన మొదటి లాంచీ ప్రయాణం గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. సిగ్గుపడి రాయలేదు. ఈసారి రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. జనగామలో, నదుల లోతు కొలిచే ఒక చిన్న సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి ఆరు నెలలైంది. మాది నర్సింహులపేట దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటాం. అమ్మానాన్న పెట్టిన పేరు రామ్లా. బడిలో చేర్చుకున్న పంతులు దాన్ని రాములు అని రాశాడు. ఆ పేరుతోనే మహబూబాబాద్ హాస్టల్లో ఉండి చదివాను, ఆ పేరుతోనే ఉద్యోగం వచ్చింది. జనగామలో గది అద్దెకు అడిగినప్పుడు ఇంటాయన ఎవరి పిల్లవాడివని ఆరా తీస్తే, మహబూబాబాద్ దిక్కు రైతులమని చెప్పి తప్పించుకున్నాను. నాన్నకు రెండెకరాల చెలక ఉంది కాబట్టి అది అబద్ధం కాదు. కాని నిజం కూడా కాదు. ఆఫీసులోనూ అదే చెప్పాను. ఎవరూ మళ్లీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

వానలు వెనకపట్టాక గోదావరిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి రమ్మని ఆఫీసుకు హుకుం వచ్చింది. కాళేశ్వరంలో లాంచీ ఎక్కి కిందికి పలిమెల దాకా పోయి, అక్కడి నుంచి తిరిగి రావాలి. ఆరు రోజుల పని. వెళ్లేది ఓవర్సీరు నర్సింగరావు సారు, లెక్కలు రాయడానికి నేను. సారుది లింగాల ఘనపూర్‌లో భూములున్న కుటుంబం. కోపం ఎక్కువ, కాని చెడ్డ మనిషి కాదు. తన టిఫిన్ డబ్బాలోది నాకు పెట్టకుండా ఎన్నడూ తినలేదు.

జనగామలో పొద్దున ఆరింటి పాసింజరు ఎక్కి కాజీపేటలో దిగాం. హనుమకొండ బస్టాండులో తొమ్మిదింటికి బస్సు దొరికింది. పరకాల దాటాక రోడ్డు సగం మట్టి, సగం గుంతలు. భూపాలపల్లి అప్పటికి చిన్న ఊరు. అక్కడ బస్సు అరగంట ఆగితే పావలాకు చాయ తాగి, పావలాకు రెండు మిర్చీలు తిన్నాం. కాటారం, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఇప్పుడైతే హనుమకొండ నుంచి కారులో మూడు గంటలు చాలు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, రెండు నీళ్ల రంగులు వేరువేరుగా కనిపిస్తుంటే నేను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. అంత నీటిని ఒక్కచోట చూడడం నాకు అదే మొదటిసారి.

లాంచీ నడిపేది మల్లయ్య. వంట కూడా అతనిదే. రోజూ పొద్దున ఏడింటికి బయల్దేరి, మైలుకొకచోట ఆగి, గుండు కట్టిన తాడు నీళ్లలోకి వదిలి లోతు కొలిచేవాళ్లం. మధ్యాహ్నం అన్నం, పులుసు పెట్టిన చేపలు. రాత్రి ఏ ఊరి ఒడ్డునో లంగరు. నాలుగో రోజుకు పలిమెల చేరాం. అప్పటికి మా బట్టలన్నీ చెమటతో, డీజిల్ మసితో అట్టకట్టాయి. మర్నాడు తిరుగు ప్రయాణం. కాళేశ్వరంలో సారును కలవడానికి పెద్ద ఇంజనీరు వస్తున్నాడు. తెల్ల షర్టు లేకుండా ఆయన ముందుకు ఎట్లా పోవాలని సారు పొద్దున్నుంచి చిరాకు పడుతున్నాడు. వెదురు కొట్టే కూలీలు ఒడ్డు మీదే గుడిసెలేసుకుని ఉన్నారని, అందులో ఒక ఆడమనిషి ఉతుకుతానన్నదని మల్లయ్య చెప్పాడు. అందరి బట్టలూ ఒకే మూటగా కట్టి అతనే తీసుకెళ్లాడు.

ఆ మూటలో నా దిండు గలేబు కూడా ఉంది. ఇల్లు వదిలేటప్పుడు అమ్మ కుట్టి ఇచ్చింది. కొత్త ఎర్రగుడ్డ, అంచుల్లో అద్దాలు, గవ్వలు. చూసినవాళ్లెవరైనా అది తండా కుట్టని ఇట్టే చెప్పగలరు. అందుకని ఎప్పుడూ తిరగేసి వాడేవాణ్ణి. డీజిల్ వాసన భరించలేక దాన్ని నా ఖాకీ ప్యాంటు లోపల చుట్టి, ఎవరికీ కనిపించకుండా మూటలో పెట్టాను. అది ఇంకా ఒక్కసారి కూడా నీళ్లు తగలని గుడ్డ అని నాకు తట్టలేదు.

సారూ నేనూ కొలతలు ముగించుకుని మధ్యాహ్నం ఒడ్డుకు వచ్చాం. రాళ్ల పొయ్యి మీద పెద్ద డేగిసలో బట్టలు ఉడుకుతున్నాయి. పక్కన ఒకామె కట్టెతో కలుపుతోంది. మా అడుగుల చప్పుడుకు తల తిప్పింది. మా అమ్మ చెల్లెలు ద్వాలి. నాలుగేళ్ల కింద పని వెతుక్కుంటూ తండా వదిలి పోయిన మనిషి. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బడులూ హాస్టళ్లూ మూతపడ్డప్పుడు నేను నెలల తరబడి ఉన్నది ఆమె గుడిసెలోనే. హాస్టల్ ఎప్పుడు తెరిచినా మాసిన బట్టలతో పోకూడదని నా తెల్ల చొక్కా వారం వారం వాగులో ఉతికి ఆరేసేది. చిన్నప్పుడు ఆమెను కూడా యాడి అనే పిలిచేవాణ్ణి, అమ్మను పిలిచినట్టే.

ఆమె ముఖం వెలిగిపోయింది. కట్టె వదిలేసి రెండడుగులు ముందుకొచ్చి, మా భాషలో, నువ్వేనా బిడ్డా, ఎంత పెద్దవాడివయ్యావు అంది. సారు నా వైపు తిరిగి, ఆమె ఏమంటున్నది, నీకు ఎరుకేనా అని అడిగాడు.

"లేదు సార్," అన్నాను. తర్వాత ఆమెతో తెలుగులో, "నీ మాట నాకు సమజైతలేదమ్మా," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. ఆ చూపు ఎట్లాంటిదో ఇన్నేళ్లయినా చెప్పలేను. కోపం మాత్రం కాదు. మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లి కట్టె అందుకుంది.

"తప్పయింది సారూ. మా తండ పిలగాని లెక్క కండ్లవడ్డవు," అంది తెలుగులో.

లాంచీలోకి వచ్చాక మల్లయ్య చెప్పాడు. ఆమె మగడు హర్యా వెదురు కొడుతుంటే గొడ్డలి జారి పాదం మీద పడిందట. నాలుగు రోజులైంది, కాలు వాచి నేల మీద మోపలేకపోతున్నాడు. మర్నాడు మా లాంచీలో కాళేశ్వరం దాకా ఎక్కించుకుంటే అక్కడి నుంచి బస్సులో మహదేవపూర్ దవాఖానకు పోతామని పొద్దున్నే మల్లయ్య చేత సారును అడిగించింది. సారు వెంటనే ఒప్పుకున్నాడు. బట్టలు ఉతకడానికి ఆమె పూనుకున్నది అందుకే. అది విన్నాక నాకు కొంచెం ఊరట కలిగింది. రేపు ఎట్లాగూ వాళ్లు మాతోనే వస్తారు, దిగాక సారు లేనప్పుడు మాట్లాడుకోవచ్చు, తప్పు ఒప్పుకోవచ్చు అనుకున్నాను.

నాలుగింటికి ఆమె బట్టలు మడిచి తెచ్చింది. మల్లయ్య మూట విప్పాడు. సారు షర్టులు మూడూ, ధోవతీ గులాబీ రంగుకు తిరిగాయి. కొన్నిచోట్ల పచ్చి నెత్తురు మరక లాగా ఎర్రటి చారలు. సారు షర్టు ఒకటి పైకెత్తి చూసి, ఇది ఎట్లా అయిందని అరిచాడు. ఇంత రంగు దిగిన గుడ్డ ఏదో చూపించమన్నాడు. ఆమె చంకలో ఉన్న గలేబు బయటికి తీసింది. అద్దాలు ఎండకు తళుక్కుమన్నాయి. ఆమె కట్టుకున్న లంగా మీదా అవే అద్దాలు, అవే గవ్వలు.

ఆమె నా వైపు చూసింది. నేను నీళ్ల వైపు చూశాను.

"నాదే సారూ," అంది. "నా గుడ్డ అండ్ల కలిసింది. సూసుకోలే."

సారు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమెను మాత్రమే కాదు, ఆమె తండాను, ఆమె కులాన్ని, అంటే నన్నూ మా అమ్మనూ. చివరికి, రేపు పడవ ఎక్కే ముచ్చట మరిచిపొమ్మన్నాడు. మల్లయ్య మెల్లగా కలగజేసుకుని, కాలు బాగాలేని మనిషి సారూ అన్నాడు. సారు వినలేదు. నేను లెక్కల పుస్తకం తెరిచి, అప్పటికే రాసి ఉన్న అంకెల మీద మళ్లీ పెన్ను తిప్పుతూ కూర్చున్నాను. ఒక్క మాట చాలు. ఆ మాట నా నాలుక చివరే ఉంది. దాని వెనకాల జనగామ గది, ఆఫీసులో నా పక్కన కూర్చుని అన్నం తినేవాళ్ల ముఖాలు, అన్నీ వరసగా కనబడ్డాయి. పేజీ తిప్పాను.

మర్నాడు పొద్దున ఏడింటికి లాంచీ కదిలింది. సారు మనసు మారుతుందేమోనన్న ఆశతో వాళ్లిద్దరూ ఒడ్డుకు వచ్చారు. హర్యా ఆమె భుజం మీద చేయి వేసి ఒంటికాలి మీద నిలబడ్డాడు. పాదానికి చుట్టిన పాతగుడ్డ నల్లబడి ఉంది. వాళ్లు అడగలేదు, పిలవలేదు. నది మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉన్నారు.

కాళేశ్వరంలో దిగేసరికి సాయంత్రమైంది. దిగగానే చెప్పేశాను. గలేబు నాదని, ఆమె మా అమ్మ చెల్లెలని, నా పేరు రామ్లా అని. గులాబీ మరకల షర్టుతోనే ఉన్న సారు చేతిలోని సంచి ఇసుక మీద పెట్టాడు.

"ఆడనే చెప్పకపోతివి," అన్నాడు. "షర్టు కోసం నేను మనిషిని ఒడ్డు మీద ఇడిసిపెట్టి వస్తుంటినా?" ఆ మాట అన్న తర్వాత ఆయనకే ఏదో తగిలినట్టుంది. తల దించుకుని, నిజంగానే వదిలిపెట్టి వచ్చిన నది వైపు చూశాడు. తెల్లవారగానే లాంచీ తీసుకుని వాళ్లను తెమ్మని మల్లయ్యనూ నన్నూ పంపాడు.

మేం పలిమెల చేరేసరికి గుడిసె ఖాళీగా ఉంది. ముందురోజే ఎవరి ఎడ్లబండిలోనో అడవి బాటన మహదేవపూర్ పోయారని పక్క గుడిసెవాళ్లు చెప్పారు. తర్వాత మహదేవపూర్ దవాఖానలో అడిగితే, కాలు చెడిందని వరంగల్ పెద్ద దవాఖానకు పంపామన్నారు. అక్కడికి నేను వెళ్లలేదు. సెలవు లేదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి ఆమె ముందు నిలబడే ధైర్యం లేదు.

రెండు నెలలకు పోయాను. జనగామ నుంచి మహబూబాబాద్ దాకా రైలు, అక్కడి నుంచి నర్సింహులపేట బస్సు, ఆపైన తండాకు నడక. వాళ్లు కూలిపని మానేసి తండాకే తిరిగొచ్చారు. హర్యా కాలి వేళ్లు మూడు తీసేశారు. కర్ర ఊతంతో నడుస్తున్నాడు. నన్ను చూసి మంచం మీద చోటిచ్చాడు. ఆమె జొన్నరొట్టెలు చేస్తోంది. నేను పక్కన కూర్చుని, గలేబు నాదని ఎందుకు చెప్పలేదు యాడీ అని అడిగాను. మా భాషలోనే అడిగాను.

ఆమె పెనం మీది రొట్టె తిప్పింది.

"నువ్వు చెప్తవేమోనని సూసిన," అంది. "నువ్వు నీళ్ల దిక్కు సూసినవ్. ఇగ నేనే చెప్పిన."

తర్వాత ఆ రొట్టె నా ముందు పెట్టింది.

జనగామ తిరిగొచ్చి గది ఇంటాయనకు నేనే అన్నీ చెప్పాను. నెల తిరగకుండా ఖాళీ చేయమన్నాడు. వారంలో ఇంకో గది దొరికింది. ఆఫీసులో ఇద్దరు నా పక్కన తినడం మానేశారు, సారు మాత్రం టిఫిన్ డబ్బా తెచ్చుకుని నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఏది పోతుందని భయపడి నోరు మూసుకున్నానో అది పోతే జరిగిన నష్టం అంతే. దానికి ఒక మనిషి మూడు వేళ్లు ఇచ్చాడు. ఆ తర్వాత గోదావరి మీద చాలాసార్లు తిరిగాను, ఇప్పటికీ తిరుగుతున్నాను. పలిమెలకు ఇప్పుడు తారురోడ్డు ఉంది, చూడవలసిన చోటు. కాని అక్కడి ఒడ్డు కనబడగానే నా తల దానంతటదే వంగుతుంది. అమ్మ, ద్వాలి, హర్యా ఎవరూ ఇప్పుడు లేరు. క్షమించామని వాళ్లు ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు.

ఇక మీరడిగినదానికి జవాబు. పడవ ఆగిన ఊళ్లో పొద్దున ఎనిమిదిలోపు బట్టలిస్తే ఇసుక మీద ఆరి సాయంత్రానికి చేతికొస్తాయి. వేరేవాళ్ల చేత మూట పంపకండి. మీరే పట్టుకెళ్లి, ఉతికే మనిషి ఎదురుగా కూర్చుని, పేరడిగి, ఒక్కొక్క గుడ్డా విప్పి చూపించి ఇవ్వండి.