నీళ్ళకు కాపలా

కీళ్ళనొప్పుల వాళ్ళ కోసం ఆస్పత్రి వెనక కట్టిన వేడినీళ్ళ కొలనుకు ఆయన ఇన్‌చార్జి. మెడలో ఈల, నడుముకు తాళాల గుత్తి, మడత నలగని తెల్ల ప్యాంటు. రోజుకు మూడుసార్లు గట్టున గొంతుక్కూర్చుని, పసిబిడ్డకు స్నానం చేయించబోయే తల్లిలా మోచెయ్యి ముంచి వేడి చూస్తాడు. నీళ్ళ మీద ఒక్క వెంట్రుక తేలితే ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. అయినా తేలడానికి ఎవరైనా దిగితే కదా! నడవలేనివాళ్ళను కూర్చోబెట్టి నీళ్ళలోకి దించే కుర్చీ వచ్చి నాలుగేళ్ళయింది. మాసిపోతుందని దాని ప్లాస్టిక్ తొడుగు ఇంకా విప్పలేదు.

మొన్న ఒక ముసలావిడ డాక్టరు చీటీ పట్టుకుని, కోడలి భుజం ఆసరాతో వచ్చింది. ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మెట్లు మీ అంతట మీరే దిగాలమ్మా. ఎవర్నీ పట్టుకోకూడదు. రూలు."

"దిగగలిగితే ఇక్కడికెందుకు వస్తామండీ? ఆ కుర్చీ ఉందిగా!" అంది కోడలు.

"అది కొత్తదమ్మా," అన్నాడు, ఇంటికొచ్చిన కొత్తల్లుడి గురించి చెబుతున్నంత మర్యాదగా.

ముసలావిడ ఆవిర్లు కక్కుతున్న ఖాళీ కొలనుకేసి చూసింది.

"మరి ఈ నీళ్ళకేం నొప్పులని నాయనా, రోజూ ఇంత వెచ్చగా ఉంచుతున్నావు?"

ఆ మహానుభావుడికి అది మెచ్చుకోలుగా వినిపించింది. మొహం వెలిగిపోయింది.

"ఒక్కరోజు కూడా చల్లారనివ్వలేదమ్మా!"

వాళ్ళు గుమ్మం దాటగానే చీపురు, బకెట్టు తెచ్చి, ఆవిడ నిలబడ్డ చోట గచ్చు కడిగాడు.